నూటికి యాభై ఒకటి ఎవరి చేతిలో?

2025 ఆగస్టు రెండో వారంలో మొనెరో అనే క్రిప్టో కరెన్సీని వాడేవాళ్లకు కంటి మీద కునుకు లేదు. ఆ నాణెం లెక్కలు రాసే కంప్యూటర్ల మొత్తం బలంలో సగానికి పైగా తమ వైపు వచ్చేసిందని క్యూబిక్ అనే మరో నెట్‌వర్క్ ప్రకటించుకుంది. ఆగస్టు 12న, అప్పటికే రాసి ఉన్న ఆరు బ్లాకులు, అంటే లావాదేవీల కట్టలు, చెల్లకుండా పోయి వాటి స్థానంలో వేరేవి వచ్చాయి. నిజంగా సగం దాటిందా లేదా అన్నది పరిశోధకుల మధ్య ఈనాటికీ తెగని వాదన. దాటలేదనే వాళ్లే ఎక్కువ. కానీ క్రాకెన్ ఎక్స్చేంజి ఆ వాదన తేలేదాకా ఆగలేదు. మొనెరో డిపాజిట్లు నిలిపేసి, తర్వాత మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టినా 720 బ్లాకులు గడిచాకే, అంటే దాదాపు ఒక రోజంతా ఆగాకే, డబ్బు జమ అయినట్టు లెక్కిస్తామంది. సెప్టెంబర్ 14న మరింత పెద్ద దెబ్బ తగిలింది. ఒక్కసారిగా 18 బ్లాకులు, అంటే అరగంటకు పైబడిన చరిత్ర, కొట్టుకుపోయింది. వందకు పైగా లావాదేవీలు జరగనట్టే అయ్యాయి.

చీరాల పక్కన సముద్రపు ఒడ్డునున్న వాడరేవుకు ఈ గొడవతో ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. 'ఒకసారి రాస్తే ఎవరూ మార్చలేరు' అన్న మాటను దాదాపు దశాబ్దం నుంచి మన ప్రభుత్వాలు భూమి రికార్డుల విషయంలో చెబుతూ వస్తున్నాయి. ఆ మాటకు ఆధారంగా చూపేది బిట్‌కాయిన్, మొనెరోల వెనకున్న బ్లాక్‌చెయిన్ అనే లెక్కల పుస్తకాన్నే. ఆ మాట నిజం కావాలంటే ఏ షరతులు తీరాలో, తీరనప్పుడు ఏం జరుగుతుందో తెలిపే చరిత్ర క్రిప్టో ప్రపంచంలో కావలసినంత ఉంది. ఆ చరిత్రను మన తీరం రికార్డుల పక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: మెజారిటీ దాడి భయం సబబైనదే, కానీ దాన్ని మనం తప్పుచోట పెట్టుకున్నాం. బిట్‌కాయిన్ బలంలో సగం చేజిక్కించుకోవాలంటే వేల కోట్లు పోయాలి. మన భూమి రికార్డులో నూటికి నూరు వంతులూ ఇప్పటికే ఒకే చేతిలో ఉన్నాయి.

ముందు ఆ దాడి ఏమిటో చూద్దాం. 2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో అన్న మారుపేరుతో వచ్చిన తొమ్మిది పేజీల పత్రం ఒక చిక్కుముడిని విప్పింది. ఒకరినొకరు ఎరగని, నమ్మాల్సిన పనిలేని మనుషులు అందరూ కలిసి ఒకే లెక్కల పుస్తకం నడపడం ఎలా? ఎవరి మాట చెల్లాలో ఓట్లతో తేల్చుదామంటే, ఇంటర్నెట్‌లో ఒక్కడే లక్ష పేర్లతో ఓటు వేయగలడు. అందుకని మనిషికో ఓటు కాకుండా, యంత్రం చేసిన పనికి ఓటు ఇచ్చారు. మైనర్లు అనే వాళ్లు తమ కంప్యూటర్లతో కోట్లానుకోట్ల సార్లు లెక్క కట్టి, నిర్ణీత షరతుకు సరిపోయే అంకె దొరికినవాళ్లు కొత్త బ్లాకు రాస్తారు. బిట్‌కాయిన్‌లో ఇది సగటున పది నిమిషాలకు ఒకసారి జరుగుతుంది. రాసినవాళ్లకు బహుమతిగా కొత్త నాణేలు దక్కుతాయి. రెండు వేర్వేరు పుస్తకాలు కనిపిస్తే ఏది ఎక్కువ పని పోసి రాసిందో దాన్నే అందరూ అసలుదిగా తీసుకుంటారు. మొత్తం యంత్రబలంలో సగం దాటినవాడు మిగతా అందరికంటే వేగంగా రాయగలడు కాబట్టి, ఎంత వెనక్కి వెళ్లి రాయడం మొదలుపెట్టినా చివరికి అతని పుస్తకమే గెలుస్తుంది. దీన్నే యాభై ఒక్క శాతం దాడి అంటున్నారు.

ఈ దాడితో ఏం చేయొచ్చన్న దానిపై అపోహలు చాలా ఉన్నాయి. మీ వాలెట్లోని నాణేలను దాడిదారు లాక్కోలేడు, ఎందుకంటే మీ సంతకపు కీ అతని దగ్గర లేదు. బిట్‌కాయిన్‌కు ఉన్న 2 కోట్ల 10 లక్షల నాణేల పరిమితిని దాటి కొత్తవి పుట్టించలేడు. అలాంటి బ్లాకును మిగతా కంప్యూటర్లు తిప్పికొడతాయి. అతను చేయగలిగేది తన సొంత చెల్లింపును వెనక్కి తీసుకోవడం. తన నాణేలను ఒక ఎక్స్చేంజికి పంపుతాడు, అమ్ముతాడు, వచ్చిన డబ్బు తీసుకుంటాడు. అంతలో చాటుగా, ఆ నాణేలు ఎక్స్చేంజికి అసలు వెళ్లనే లేదన్నట్టు మరో పుస్తకం రాస్తూ ఉంటాడు. డబ్బు చేతికి అందాక దాన్ని బయటపెడతాడు. నాణేలూ అతనివే, డబ్బూ అతనిదే. ఎవరి లావాదేవీని పుస్తకంలోకి రానివ్వాలో, ఎవరిది ఆపాలో కూడా అతని ఇష్టమే అవుతుంది. నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద ప్రమాదం. దొంగతనం ఎప్పటికైనా బయటపడుతుంది. ఒకరి మాటను పుస్తకంలోకి రానివ్వకుండా నొక్కేస్తే, నొక్కేశారని రుజువు చేయడమే కష్టం.

ఇదంతా కాగితం మీది భయమేనని చాలాకాలం అన్నారు. బిట్‌కాయిన్‌పై ఇలాంటి దాడి ఇంతవరకు నెగ్గలేదు కూడా. కానీ దగ్గరి దాకా వచ్చింది. 2014 జూన్‌లో జీహాష్ అనే మైనింగ్ పూల్ కొంతసేపు బిట్‌కాయిన్ యంత్రబలంలో 51 శాతానికి చేరింది. పూల్ అంటే వేల మంది చిన్న మైనర్లు తమ యంత్రాలను ఒకరి నిర్వహణ కింద కలిపి, వచ్చిన ఫలితం పంచుకునే ఏర్పాటు. గగ్గోలు పుట్టింది, మైనర్లు వేరే పూళ్లకు తరలిపోయారు. మరుసటి నెలలో ఆ సంస్థే 39.99 శాతం దాటబోమని మాట ఇచ్చింది. సతోషి పత్రంలోని వాదన గెలిచినట్టే కనిపించింది. అంత బలం ఉన్నవాడు పుస్తకాన్ని పాడుచేసి తన సొమ్ము విలువే పోగొట్టుకోవడం కంటే, నిబంధన ప్రకారం నడిచి బహుమతులు తీసుకోవడమే లాభం అని ఆ పత్రం చెప్పింది. దురాశను దురాశతోనే కట్టేయాలన్న ఈ ఆలోచనలో తెలివి ఉంది, కాదనను. అయితే దాని కింద చెప్పకుండా వదిలేసిన ఒక షరతు ఉంది. దాడి చేసేవాడికి ఆ నాణెం మీదే బతుకు ఆధారపడి ఉండాలి.

ఆ షరతు ఎక్కడ తెగిందో చూడాలంటే ఎథీరియం క్లాసిక్ కథ చెప్పుకోవాలి. 2016లో డీఏఓ అనే ఉమ్మడి నిధి నుంచి 36 లక్షల ఈథర్ నాణేలు కొల్లగొట్టబడినప్పుడు, ఆ నాణేల నెట్‌వర్క్ ఎథీరియం జనంలో అధిక సంఖ్యాకులు పుస్తకాన్నే సరిదిద్ది ఆ సొమ్మును వెనక్కి తెప్పించారు. రాసింది మార్చరాదని పట్టుబట్టిన కొద్దిమంది పాత పుస్తకాన్నే కొనసాగించారు. అదే ఎథీరియం క్లాసిక్. మార్చకూడదన్న సిద్ధాంతంతో పుట్టిన ఆ నెట్‌వర్క్‌నే 2019 జనవరిలో తిరగరాశారు. సుమారు 11 లక్షల డాలర్ల విలువైన నాణేలు రెండుసార్లు ఖర్చయినట్టు కాయిన్‌బేస్ గుర్తించింది. 2020 ఆగస్టులో ఒకే నెలలో మూడుసార్లు తిరగరాశారు. మొదటి దాడిలోనే మూడు వేల అయిదు వందలకు పైగా బ్లాకులు మారిపోయాయి. బిట్‌క్వెరీ అనే విశ్లేషణ సంస్థ లెక్క ప్రకారం ఆ దాడికి అద్దె యంత్రాల కోసం పెట్టిన ఖర్చు 1.92 లక్షల డాలర్లు, రెండోసారి ఖర్చుపెట్టుకున్న నాణేల విలువ 56 లక్షల డాలర్లు. అద్దెకు అన్న మాటలోనే ఉంది కిటుకంతా. దాడిదారు ఒక్క యంత్రం కొనలేదు. నాణెం విలువ కూలినా అతనికి పోయేదేమీ లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2018 మేలో, బిట్‌కాయిన్ గోల్డ్ అనే మరో నెట్‌వర్క్‌లో 3.88 లక్షల నాణేలు ఇలాగే రెండుసార్లు ఖర్చయ్యాయి.

పిండి కొద్దీ రొట్టె అన్న సామెత ఈ భద్రతకు అచ్చంగా సరిపోతుంది. ఒక నాణెపు పుస్తకం ఎంత గట్టిదో, దాన్ని తిరగరాయడానికి ఎంత ఖర్చవుతుందో అంతే. బిట్‌కాయిన్ యంత్రాలు 2025లో సెకనుకు ఒకటి పక్కన ఇరవై ఒక్క సున్నాలు పెట్టినన్ని లెక్కలు కట్టే స్థాయికి చేరాయి. ఆ పని తప్ప మరో పనికి రాని యంత్రాలవి. అంతటి బలం అద్దెకిచ్చే బజారు ఎక్కడా లేదు. అదే చిన్న నాణేలకు అలాంటి బజారు ఉంది. మొనెరో విషయంలో ఒక చమత్కారం కూడా జరిగింది. పెద్ద కంపెనీల చేతిలోకి పోకూడదని, ఇంట్లో ఉండే మామూలు కంప్యూటర్లతోనే మైనింగ్ చేసుకునేలా ఆ నాణేన్ని మలిచారు. అందరికీ అందుబాటులో ఉన్న యంత్రాలు కాబట్టే, కాస్త ఎక్కువ ముట్టజెబుతానన్న క్యూబిక్ వైపు వాళ్లలో చాలామంది తేలిగ్గా మళ్లారు. ఎక్కువ చేతుల్లో ఉండటం ఒకటి, ఆ చేతులు ఎవరికి వారు స్వతంత్రంగా నడవడం మరొకటి. రాబోయే వాదనకు ఈ తేడాయే ఆయువుపట్టు.

బిట్‌కాయిన్ సైతం పూర్తిగా నిశ్చింతగా ఉండగలిగే స్థితిలో లేదు. ఇటీవలి ఏళ్లలో ఫౌండ్రీ, ఆంట్‌పూల్ అనే రెండే పూళ్లు కలిపి చాలాసార్లు సగానికి అటూ ఇటూగా బ్లాకులు రాశాయి. దీనికి వచ్చే సమాధానం, పూల్ యజమాని వేరు, యంత్రాల యజమానులు వేరు, తేడా వస్తే మైనర్లు గంటల్లో మారిపోతారు అని. 2014లో అలాగే జరిగింది నిజమే. 2025లో మొనెరో మైనర్లు మాత్రం నెట్‌వర్క్ కోసం కాదు, కూలి ఎక్కడ ఎక్కువో అక్కడికే వెళ్లారు. మరో సమాధానం చైనా అనుభవం. 2019లో ప్రపంచ బిట్‌కాయిన్ మైనింగ్‌లో నాలుగింట మూడు వంతులు చైనాలో ఉండేది. 2021 వేసవిలో ఆ దేశం నిషేధం పెట్టగానే మొత్తం బలం సగానికి పడిపోయింది. అయినా పుస్తకం ఆగలేదు. జులై 3న లెక్క కఠినత తనంతట తానే 28 శాతం మేర తగ్గి, మిగిలినవాళ్లతోనే పని సాగింది. చైనా ఆ యంత్రాలను తరిమేసింది కాబట్టి సరిపోయింది. తరిమేయకుండా, పుస్తకం తిరగరాయమని ఆజ్ఞాపించి ఉంటే? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే.

తెనాలిలోనో బాపట్లలోనో ఫోన్లో క్రిప్టో కొన్నవాళ్లకు మెజారిటీ దాడి కంటే దగ్గరి ముప్పులే ఎక్కువ. 2024 జులైలో వజీర్‌ఎక్స్ ఎక్స్చేంజి నుంచి 23 కోట్ల డాలర్ల మేర సొత్తు పోయింది మైనింగ్ దాడి వల్ల కాదు, వాలెట్ సంతకాల కట్టడి విఫలం కావడం వల్ల. 30 శాతం పన్ను, ఒక శాతం టీడీఎస్, రోజుకొకటి పుట్టే బోగస్ నాణేలు, ఇవన్నీ వేరే కథనానికి సరిపడా ఉన్నాయి. ఇక్కడ నా ఆసక్తి క్రిప్టో కొననివాళ్ల మీద. అయిదు సెంట్ల ఇంటి స్థలమో, రెండెకరాల చేనో తప్ప మరో ఆస్తి లేనివాళ్లకు ఈ యాభై ఒకటి లెక్క ఎలా వర్తిస్తుందన్నదే ప్రశ్న.

2017 అక్టోబర్‌లో స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి బ్లాక్‌చెయిన్‌పై భూ రిజిస్ట్రీ ప్రయోగం చేపడుతున్నట్టు ప్రకటించింది. విశాఖను ఫిన్‌టెక్ వ్యాలీ చేస్తామన్న ఉత్సాహం నడుస్తున్న రోజులవి. మరుసటి ఏడాది తెలంగాణ, హైదరాబాద్‌లో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ప్రకటించింది. అక్కడే చిట్‌ఫండ్ కంపెనీల లెక్కల కోసం టీ-చిట్స్ వచ్చింది. ప్రభుత్వాలు మారినా ఆ ఆకర్షణ తగ్గలేదు. రికార్డులను బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఎవరూ తారుమారు చేయలేరన్న మాట మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంది. ఈ మాటలో ఒక జారుడు ఉంది. ప్రభుత్వాలు వాడే బ్లాక్‌చెయిన్‌లో మైనర్లు ఉండరు. అనుమతి ఉన్న కొన్ని సర్వర్లు మాత్రమే పుస్తకం రాస్తాయి. ఆ అనుమతి ఇచ్చేది ప్రభుత్వమే. బిట్‌కాయిన్ గట్టిదనానికి మూలమైన ఖర్చు ఇక్కడ సున్నా. పేరొక్కటే అక్కడి నుంచి వచ్చింది, బలం రాలేదు.

కొద్ది సర్వర్లతో నడిచే పుస్తకం గతి ఏమవుతుందో 2022 మార్చిలో రోనిన్ అనే నెట్‌వర్క్ చూపించింది. యాక్సీ ఇన్‌ఫినిటీ ఆట కోసం నడిచిన ఆ నెట్‌వర్క్‌లో లావాదేవీలను ఆమోదించేవి తొమ్మిది సర్వర్లు, అయిదు ఒప్పుకుంటే చాలు. అందులో నాలుగు ఒకే సంస్థవి. అయిదో దాని తరఫున సంతకం చేసే అనుమతి కూడా, ఎప్పుడో తాత్కాలికంగా ఇచ్చినది, వెనక్కి తీసుకోకుండా ఆ సంస్థ దగ్గరే ఉండిపోయింది. దొంగలు ఆ ఒక్క సంస్థలోకి దూరి అయిదు సంతకాలూ సంపాదించి 60 కోట్ల డాలర్లకు పైగా ఎత్తుకెళ్లారు. ఇది ఉత్తర కొరియా ముఠా పని అని అమెరికా ఎఫ్‌బీఐ తేల్చింది. సర్వర్లు తొమ్మిదున్నా తలుపు ఒక్కటే. రెవెన్యూ శాఖలో ఒక సర్వరు, రిజిస్ట్రేషన్ శాఖలో ఒకటి, పంచాయతీరాజ్‌లో ఒకటి పెట్టి 'మూడు చోట్ల ఉంది కాబట్టి భద్రం' అంటే ఒప్పుకోలేనిది ఇందుకే. మూడు శాఖలూ ఒకే ప్రధాన కార్యదర్శి మాట వింటాయి.

వాడరేవు నుంచి నిజాంపట్నం దాకా ఉన్న తీరం ఈ ప్రశ్నకు దేశంలోనే గట్టి ఉదాహరణ అనిపిస్తుంది. 2008లో ఈ రెండు చోట్లా ఓడరేవులు, వాటి మధ్య పారిశ్రామిక కారిడార్ వస్తాయని వాన్‌పిక్ పేరుతో ప్రకటన వచ్చింది. వేల ఎకరాలు సేకరించారు. అందులో పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములూ ఉన్నాయి, తరతరాలుగా సాగులో ఉన్నా కాగితం సరిగా లేని భూములూ ఉన్నాయి. 2012 తర్వాత అంతా దర్యాప్తు సంస్థల కేసుల్లో చిక్కుకుంది. ఓడరేవులు రాలేదు. ఇప్పుడు వాడరేవు నుంచి పిడుగురాళ్ల వరకు 167ఏ జాతీయ రహదారి వచ్చి మళ్లీ భూసేకరణ నడిచింది. సేకరణ జరిగిన ప్రతిసారీ పరిహారం ఎవరికి అన్నది తేల్చేది చేలో నిలబడ్డ మనిషి కాదు, ఆ రోజుకు అడంగల్, వన్‌బీ రికార్డుల్లో ఎవరి పేరు ఉందో అది. ఆ పేరు నోటిఫికేషన్‌కు నెల ముందు మారిందా, ఇరవై ఏళ్లుగా ఉందా అన్నది ఈ తీరంలో ఒక కుటుంబపు జీవితాన్ని తేల్చేస్తుంది.

ఆ పేరు రాసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను ఒక ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఊరి భూమి లెక్కంతా ఒక ఇంటి పెట్టెలో, ఒకరి చేతిరాతలో ఉండటమే ఆ రద్దుకు ఉన్న న్యాయమైన కారణాల్లో ఒకటి. తర్వాత ఆ అధికారం మండల కార్యాలయానికి, అక్కడి నుంచి వెబ్‌ల్యాండ్ కంప్యూటర్‌లోకి చేరింది. పెట్టె ఊరి నుంచి సర్వర్‌కు మారింది గానీ తాళం ఒక్కటే. తహసీల్దార్ డిజిటల్ సంతకం పడితే పేరు మారుతుంది. నిన్న ఏ పేరు ఉందో రైతు చేతిలో రుజువు ఉండదు. ఉన్నా అది ప్రభుత్వమే ఇచ్చిన ప్రింటు, ప్రభుత్వమే కాదనగలదు. కాగితం దస్త్రాలైతే భద్రమా అంటే, 2024 జులైలో మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి మరువలేం.

ఈ భయాన్ని జనం సాంకేతిక పదాలేవీ లేకుండానే గుర్తించిన సందర్భం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టాన్ని 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి తెస్తూ ఉత్తర్వు వచ్చింది. యాజమాన్యాన్ని నమోదు చేసే అధికారిని ప్రభుత్వం నియమిస్తుంది, నిర్ణీత గడువులో అభ్యంతరం రాకపోతే ఆ నమోదే తిరుగులేనిది అవుతుంది, వివాదాలు సివిల్ కోర్టుల పరిధిలోకి రావు. స్థూలంగా ఆ చట్టం అది. రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024 ఎన్నికల్లో అది ఊరూరా చర్చ అయింది. ఆ ఏడాది జులైలో శాసనసభ దాన్ని రద్దు చేసింది. ప్రచారంలో అతిశయోక్తులు ఉన్నాయి, రెండు వైపులా. కానీ జనం అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే: రాసేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయితే మా మాట ఎక్కడ చెప్పుకోవాలి? మైనింగ్ భాషలో దానికి మెజారిటీ అని పేరు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ప్రభుత్వాన్ని, ముఖం తెలియని మైనర్ల ముఠాను ఒకే గాటన కట్టడం అన్యాయం కదా? మైనర్లు ఎవరికీ జవాబుదారీ కారు. ప్రభుత్వం కోర్టుకు, శాసనసభకు, ఓటరుకు జవాబు చెప్పాలి. ఒప్పుకుంటాను. అంతేకాదు, భూమిని బిట్‌కాయిన్ తరహాలో నడపాలని ఎవరైనా అంటే దాన్ని నేనే ముందు వ్యతిరేకిస్తాను. కీ పోగొట్టుకున్న వృద్ధురాలికి ఆ పద్ధతిలో భూమి శాశ్వతంగా పోయినట్టే. కోర్టు డిక్రీ ఇచ్చినా అమలు చేసేవాళ్లుండరు. వారసత్వం, భాగపంపకం, మైనరు పిల్లల వాటా, ఇవేవీ యంత్రబలంతో తేలేవి కావు. భూమి రికార్డును సరిదిద్దే అధికారం ఎవరో ఒకరికి ఉండి తీరాలి. నా అభ్యంతరం సరిదిద్దడం మీద కాదు, సరిదిద్దినట్టు కనపడకుండా సరిదిద్దగలగడం మీద. కోర్టు జవాబుదారీ చేయాలన్నా ఫలానా తేదీన రికార్డులో ఏముందో దానికి తెలియాలి. అది కూడా ప్రతివాది అయిన ప్రభుత్వమే తీసుకొచ్చి చూపాలంటే ఆ జవాబుదారీతనం ఎంతవరకు నిలుస్తుంది?

దీనికి మైనింగ్ అక్కర్లేదు, కరెంటు తగలేయనక్కర్లేదు. సతోషి పత్రం చివర పేర్కొన్న ఎనిమిది ఆధారాల్లో మూడు స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తల పరిశోధనలే. బిట్‌కాయిన్‌కు పదిహేడేళ్ల ముందే, 1991లో, ఒక పత్రం ఫలానా తేదీకి ఈ రూపంలోనే ఉందని రుజువు చేయడం ఎలాగో వాళ్లు రాశారు. ఎంత పెద్ద దస్త్రాన్నయినా హాష్ అనే లెక్కతో కొద్దిపాటి అంకెలు, అక్షరాలుగా కుదించవచ్చు. దస్త్రంలో ఒక్క అక్షరం మారినా ఆ హాష్ పూర్తిగా మారిపోతుంది. హాష్ చూసి దస్త్రంలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేరు. వాళ్లు పెట్టిన ష్యూరిటీ అనే సంస్థ 1995 నుంచి తమ ఖాతాదారుల పత్రాలన్నిటి ఉమ్మడి హాష్‌ను వారానికోసారి న్యూయార్క్ టైమ్స్ వర్గీకృత ప్రకటనల్లో అచ్చువేయించింది. అంతే. ఆ అంకెను మార్చాలంటే ప్రపంచంలోని గ్రంథాలయాల్లో, ఇళ్లలో, పాత కాగితాల కొట్లలో ఉన్న పత్రికలన్నీ మార్చాలి. ఏ యాభై ఒక్క శాతానికీ అది సాధ్యం కాదు.

బాపట్ల జిల్లా భూమి రికార్డుల హాష్‌ను మండలాల వారీగా ప్రతి శనివారం తీసి, ఆదివారం తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక మూల వేయడానికి అయ్యే ఖర్చు ఒక చిన్న టెండరు ప్రకటన ఖర్చుకు మించదు. ఆ రోజు రికార్డు నకలు ఒకటి హైకోర్టు రిజిస్ట్రీ దగ్గర, మరొకటి ప్రభుత్వ అధీనంలో లేని ఏదైనా విశ్వవిద్యాలయం దగ్గర ఉంచాలి. రేపల్లె కోర్టులో ఒక రైతు 'నోటిఫికేషన్‌కు ముందు నా పేరే ఉండేది' అంటే, ఆ వారం నకలు తెప్పించి హాష్ సరిచూస్తే చాలు. పేరు మార్చిన అధికారికి మార్చే హక్కు ఉందా లేదా అన్నది తర్వాతి విచారణ. మారిందన్న సంగతిని మాత్రం ఎవరూ దాచలేరు. ఇంత చవకైన పని ఎవరూ ఎందుకు చేయలేదంటే, సర్వర్లు, సాఫ్ట్‌వేర్, సలహాదారులు ఉన్న పథకాన్ని ప్రారంభించినట్టు వర్గీకృత ప్రకటనను ప్రారంభించలేం కదా, రిబ్బను కట్టడానికి చోటుండదు.

హాష్ నకళ్లు కూడా ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి అంకె తీసే శనివారానికి ముందే రికార్డు మారిస్తే ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. మారిస్తే, అంతకు ముందు వారపు హాష్ దాన్ని పట్టిస్తుంది. పట్టించలేనిది మొట్టమొదటి వారం. ఆ రోజుకు రికార్డులో ఏ తప్పు ఉంటే ఆ తప్పే లెక్కలో చేరుతుంది. ఈ తీరంలో ఆ తప్పులు చిన్నవి కావు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూముల కోసం 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఒక సర్వే నంబరంతా చేరిపోయి, అందులోని పట్టా భూములు కూడా అమ్ముడు కాకుండా ఉండిపోయిన ఊళ్లు ఎన్నో. వాన్‌పిక్ కోసం తీసుకున్న భూముల్లో సాగులో ఉన్నదెవరు, కాగితంలో ఉన్నదెవరు అన్న చిక్కు అలాగే ఉంది. వీటిని తేల్చాల్సింది రీసర్వే, గ్రామసభ, అక్కడ అందరి ముందు అభ్యంతరాలు చదివి వినిపించడం. ఆ పని సగంలో ఉండగానే బ్లాక్‌చెయిన్ తెచ్చి బిగిస్తే, రేపటి మోసగాడికంటే ముందు నిన్నటి పొరపాటుకు అది రక్షణ కల్పిస్తుంది. వాడరేవులో రోడ్డు పరిహారం కోసం తిరిగే మనిషికి మొదట కావలసింది గ్రామసభలో తన సర్వే నంబరు ఎదుట ఏ పేరు చదువుతున్నారో వినడం, తప్పయితే అక్కడికక్కడే రాతపూర్వకంగా కాదనడం. ఆ రాత కూడా మొదటి వారపు హాష్‌లో చేరాలి.